పెరటి తోట పరిశీలన పుస్తకం: ఏది రాస్తే మరుసటి ఏడు పనికొస్తుంది?

కోనసీమ_పెరడు
జూన్ 8, ఉదయం 6:50

సభ్యులందరికీ నమస్కారం. మృగశిర కార్తె ప్రవేశించింది కాబట్టి పెరట్లో కొత్త విత్తులకు అందరమూ సిద్ధమవుతున్నాం. ఈ సమయంలో ఒక విషయం చర్చకు పెట్టాలనిపించింది. మనలో చాలామంది విత్తిన తేదీని గోడ మీది కేలండరులో రాసుకుంటారు. ఆపైన జరిగేదంతా జ్ఞాపకానికే వదిలేస్తారు. నేను కొన్నేళ్లుగా ప్రతి ఉదయం పెరడంతా ఒకసారి తిరిగి, చూసినదాన్ని నోటుపుస్తకంలో రాస్తున్నాను. మాది అమలాపురం వైపు, గోదావరి ఒండ్రు నేల. ఇంటి వెనుక కొబ్బరి, అరటి, నిమ్మ, కరివేప ఉన్నాయి. రెండు పందిళ్ల మీద బీర, సొర, చిక్కుడు పాకుతాయి. మిగిలిన మడుల్లో బెండ, వంగ, మిరప, ఆకుకూరలు వేస్తాం.

పుస్తకాలు నిండుతున్నాయి గానీ, పాతవి తిరగేసినప్పుడు కొన్ని పేజీలు ఎంతో ఉపయోగపడుతున్నాయి, కొన్ని అసలు అక్కరకు రావడం లేదు. "బెండ బాగుంది" అన్న వాక్యం వల్ల ఈ ఏడు నాకు తెలిసేదేమీ లేదు. "బెండ, తూర్పు మడి, మొదటి పువ్వు" అని తేదీతో రాసిన వాక్యం మాత్రం ప్రతి ఏడూ పనికొస్తోంది. పరిశీలన పుస్తకం రాసేవారు ఏయే అంశాలు రాస్తున్నారో, ఏ పద్ధతిలో రాస్తున్నారో, రోజూ రాయడం అవసరమని భావిస్తున్నారో లేదో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఎర్రనేల_అనంత
జూన్ 8, ఉదయం 9:15

కోనసీమ పెరడు గారూ, మా ప్రాంతంలో ఈ పుస్తకానికి మొదటి గడి వానదే. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. అందువల్ల ఏ రోజు ఎంత పడిందో తెలియకుండా ఇక్కడ పెరటికి నీళ్లు పెట్టడమంటే చీకట్లో రాయి విసరడమే. "నిన్న వాన పడింది" అని రాస్తే సరిపోదు, కొలత కావాలి.

వర్షమాపకం కొనవలసిన పని లేదు. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పు, చదునైన అడుగు ఉన్న డబ్బాను చెట్టు నీడా చూరు నీళ్లూ తగలని చోట నిటారుగా నిలబెట్టి, అందులో నిలిచిన నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో చూస్తే చాలు. భారత వాతావరణ శాఖ కేంద్రాలలో దినవారీ వర్షపాతాన్ని ఉదయం 8:30 గంటలకు చదువుతారు. మనమూ అదే వేళకు చదివితే మన అంకెను దగ్గరలోని కేంద్రం ప్రకటించే అంకెతో పోల్చుకోవచ్చు. ఆ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి పడిన రోజే వర్షపు రోజు. మా ఇంటి పుస్తకంలో కూడా అదే గీత పెట్టుకున్నాను. అంతకు తక్కువ పడితే అంకె రాస్తాను గానీ నీళ్లు పెట్టడం మానను.

ఈ అంకె వల్ల కలిగే ప్రయోజనం చాలా సూటిగా ఉంటుంది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే ఒక లీటరు నీరు పడినట్లే. పది చదరపు మీటర్ల మడి మీద 20 మిల్లీమీటర్లు పడితే 200 లీటర్లు. ఆ రోజు, మరుసటి రోజు, అప్పుడప్పుడు మూడో రోజు కూడా గొట్టం ముట్టుకోనక్కర లేదని పుస్తకమే చెబుతుంది. బోరు నీటి మీద బతికే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

మిద్దెమీద_మొక్క
జూన్ 8, మధ్యాహ్నం 1:40

నాది హైదరాబాదులో మిద్దె తోట, అన్నీ కుండీలే. పుస్తకానికి బదులు ఫోనులో ఫొటోలు తీస్తాను. ప్రతి కుండీకి ఒక సంఖ్య ఉంటుంది. ఒకే చోట నిలబడి, ఒకే వేళకు, అదే వరుసలో ఫొటోలు తీస్తే తేదీ, సమయం వాటంతట అవే నమోదవుతాయి. రెండు వారాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, రోజూ చూసే కంటికి అందని మార్పు కూడా తెలుస్తుంది. ముఖ్యంగా ఆకు రంగు మాటల్లో పెట్టడం కష్టం. "లేత పసుపు" అని నేను రాసినదీ మీరు చదివినదీ ఒకటే కాకపోవచ్చు. కాబట్టి నోటుపుస్తకం తప్పనిసరి అన్న మాటను నేను అంగీకరించలేను.

పలక_బలపం
జూన్ 8, రాత్రి 8:05

నేను ఉపాధ్యాయురాలిని. బడి వెనుక ఉన్న కొద్దిపాటి స్థలంలో పిల్లలతో కూరగాయలు పెంచుతూ వారిచేత పుస్తకం రాయిస్తున్నాను. మిద్దెమీద మొక్క గారు ఫొటోల గురించి చెప్పినదానిలో నిజముంది, అయితే ఫొటో చూపలేనివి కొన్ని ఉన్నాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లదోమ ఉందా లేదా అన్నది, మొక్కను కదిపితే ఎన్ని ఎగిరాయన్నది, నిన్నటి దాకా వచ్చిన పికిలిపిట్ట ఈ రోజు రాలేదన్నది ఫొటోలో ఉండవు. లేనిదాన్ని నమోదు చేయగలిగినది రాతే. అందుకే మా పిల్లలకు "ఏమీ కనిపించలేదు" అన్నది కూడా ఒక పరిశీలనేనని నేర్పుతాను. బెండ ఆకుల అడుగున వెతికాం, తెల్లదోమ లేదు అని తేదీ వేసి రాసిన వాక్యం, అది తొలిసారి కనబడిన రోజును నిర్ణయించడానికి ఆధారమవుతుంది. ఆ పేజీ ఖాళీగా వదిలేస్తే, పురుగు లేదో, మనం చూడలేదో ఎన్నటికీ తెలియదు.

నేను అన్నిటికంటే పట్టుగా చెప్పే నియమం మరొకటి ఉంది. చూసినది ఒకవైపు రాయాలి, అనుకున్నది మరోవైపు రాయాలి. పేజీ మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు కంటికి కనబడినది మాత్రమే రాయిస్తాను; అది ఎందువల్ల జరిగి ఉంటుందన్న ఊహ కుడివైపుకు వెళ్తుంది. మిరపనే తీసుకోండి. "ముడత తెగులు వచ్చింది" అని పిల్లవాడు రాస్తే అది పరిశీలన కాదు, తీర్పు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా మారాయా, లేక కిందికి వంగాయా అన్నది పరిశీలన. అంచులు పైకి ముడుచుకుంటే సాధారణంగా తామర పురుగుల పని. కిందికి ముడుచుకుని ఆకు కాడ సాగితే నల్లి పని. రైతులు పై ముడత, కింది ముడత అని వేరుగా చెప్పేది ఇందుకే. రెంటికీ వాడే మందు ఒకటి కాదు. ఎడమవైపు సరిగా రాసి ఉంటే కుడివైపు తప్పు రాసినా తర్వాత దిద్దుకోవచ్చు, కానీ ఎడమవైపు తీర్పుతో నిండితే దిద్దుకోవడానికి ఆధారమే మిగలదు.

కార్తెల_లెక్క
జూన్ 9, ఉదయం 5:55

అందరికీ నమస్సులు. నాది జగిత్యాల వైపు పల్లె, వయసులో మీ అందరికంటే పెద్దవాడినై ఉంటాను. తేదీల విషయంలో ఒక సూచన చేస్తాను. మీ పుస్తకాన్ని ఇంగ్లీషు తేదీతో పాటు కార్తెతో కూడా గుర్తు పెట్టుకోండి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె కాబట్టి, ఏటా ఇంచుమించు అదే తేదీకి వస్తుంది: రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22, పునర్వసు జూలై 6, హస్త సెప్టెంబరు 27, స్వాతి అక్టోబరు 24 ప్రాంతాల్లో, ఒక రోజు అటూ ఇటూగా. పండుగలను బట్టి గుర్తు పెట్టుకుంటే ఈ నిలకడ దొరకదు. ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. "ఉగాదికి వారం ముందు వేప పూసింది" అని రాసుకున్నవారు రెండు సంవత్సరాలను పోల్చాలనుకుంటే వేప కదిలిందో, ఉగాది కదిలిందో తేల్చుకోలేరు.

ఏడాదికి 365 పేజీలు పెట్టడం కంటే 27 జంట పేజీలు పెట్టడం మేలని నా అభిప్రాయం. మృగశిరకు ఒక జంట పేజీ కేటాయించి, ఈ ఏటి ముఖ్య విషయాలు పైభాగంలో రాసి, కింద వచ్చే ఏళ్లకు చోటు వదలండి. నాలుగేళ్ల మృగశిర ఒకే చోట కళ్ల ముందుంటుంది. రోజువారీ చిత్తు పుస్తకం వేరుగా ఉండవచ్చు. కార్తె ముగిసినప్పుడు అందులోంచి పనికొచ్చే వాక్యాలను దీనిలోకి ఎత్తిరాయాలి.

మన పెద్దలు సామెతలలో దాచిపెట్టింది కూడా ఇటువంటి పరిశీలనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు. వాటిని పూజించి ఊరుకోకుండా మన పెరట్లో కొలిచి చూడటమే వారికి మనమిచ్చే గౌరవం. తొలకరి గట్టిగా పడగానే నేల మీద ఎర్రటి మఖ్మల్ బొట్టులా కనిపించే ఆరుద్ర పురుగు మీ పెరట్లో ఏ తేదీన, ఎన్ని మిల్లీమీటర్ల వాన తర్వాత బయటికి వచ్చిందో ఈ ఏడు తప్పక రాయండి. అది ఆరుద్ర దాకా ఆగుతుందో, మంచి వాన పడితే మృగశిరలోనే వస్తుందో మీకే తెలుస్తుంది.

ఎర్రనేల_అనంత
జూన్ 9, ఉదయం 8:40

కార్తెల లెక్క గారి మాటకు మరొకటి జోడిస్తాను. వాన కొలిచే అలవాటు మనకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధాన్యాగారం ముందు పాత్ర పెట్టి వాన కొలవాలని ఉంది, ప్రాంతాల వారీగా వర్షప్రమాణాలు కూడా చెప్పబడ్డాయి. ఆ ప్రాంతాలలో గోదావరి తీరపు అశ్మక దేశం ఒకటి. ఆ దేశానికి రాజధాని నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారులు గుర్తించారు. మన డబ్బా, స్కేలు ఆ వరుసలోవే.

మిద్దెమీద_మొక్క
జూన్ 9, రాత్రి 9:30

పలక బలపం గారు చెప్పిన ఎడమ, కుడి విభజన నాకు బాగా నచ్చింది. ఫొటోలు మానను గానీ, ఈ రోజు నుంచి ప్రతి ఫొటో కింద ఒక వాక్యం రాస్తాను. అయితే రోజూ రాయాలన్న నియమం ఉద్యోగస్తులకు సాధ్యం కాదు. ఉదయం ఏడింటికి ఇల్లు వదిలి రాత్రికి చేరేవారు వారానికి ఒకసారి, ఆదివారం ఉదయం స్థిరంగా గంటసేపు చూసి రాస్తే చాలదా? నిలకడ ముఖ్యం గానీ సంఖ్య కాదని నా వాదన.

పందిరి_పాదులు
జూన్ 10, ఉదయం 7:20

అది ఏ మొక్కను చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. మామిడి పూత, వేప చిగురు వంటివి వారానికోసారి చూసినా పట్టుబడతాయి. బెండ పువ్వు విచ్చుకుని ఉండేది ఒక్క రోజు. కాయ కోతకు వచ్చాక రెండు మూడు రోజులు ఆలస్యమైతే పీచు పడుతుంది. ఆదివారం మాత్రమే చూసేవారికి బెండ గురించి సగమే తెలుస్తుంది.

పాదులైతే రోజు చాలదు, వేళ కూడా రాయాలి. నేను పల్నాడులో పెద్ద పందిరి మీద అన్ని రకాల తీగలూ పాకిస్తాను కాబట్టి ఈ విషయంలో కాస్త వివరంగా చెబుతాను. సొర పువ్వు సాయంత్రం పొద్దువాలే వేళ విచ్చుకుని, రాత్రంతా తెల్లగా నిలిచి, మరుసటి రోజు ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. నేతిబీర, కాకర, గుమ్మడి మాత్రం తెల్లవారేసరికి విచ్చుకుంటాయి. గుమ్మడి పువ్వు మధ్యాహ్నం కాకముందే ముడుచుకుపోతుంది. ఈ వేళలు తెలియక చాలామంది ఉదయం తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చి సొర పువ్వుకు చేత్తో పుప్పొడి అద్దుతారు. పిందె పసుపుబారి రాలిపోతే ఎరువు లోపమనుకుంటారు. సొరకు, బీరకు సాయంత్రం ఆరు దాటాక, గుమ్మడికి ఉదయం ఎనిమిది లోపల అద్దాలి.

మీ పుస్తకంలో తీగజాతికి రెండు తేదీలు విడిగా ఉండాలి: మొదటి మగ పువ్వు, మొదటి ఆడ పువ్వు. ఆడ పువ్వుకు రేకుల వెనుక చిన్న పిందె ఉంటుంది, మగ పువ్వుకు సన్నటి కాడ మాత్రమే. ముందుగా మగ పువ్వులే వస్తాయి, అవి పూసి రాలిపోతాయి. నిరుటి పుస్తకంలో ఈ రెండు తేదీల మధ్య ఎడం ఎంతో రాసి ఉంటే, ఈ ఏడు పూత రాలుతోందని కంగారుపడి మందులు కొట్టే అవసరమే రాదు. పండు ఈగ విషయం కూడా అంతే. బీర, కాకర పిందెల మీద సూదితో గుచ్చినట్లు మచ్చ, దాని నుంచి కారిన జిగురు తొలిసారి కనబడిన తేదీ రాసుకోండి. ఆ పిందెలను ఏరి దూరంగా నాశనం చేయకపోతే, లోపలి పురుగు మట్టిలోకి దిగి కోశదశ గడిపి, మళ్లీ ఈగగా లేస్తుంది. పందిరి కింద మట్టిని ఎప్పుడు గుల్లచేశారో అదే పేజీలో ఉండాలి.

కోనసీమ_పెరడు
జూన్ 10, రాత్రి 8:45

ఇన్ని మంచి విషయాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. చిత్తు పుస్తకం, కార్తె పుస్తకం అని రెండుగా విడదీయడం ఈ రోజే మొదలుపెట్టాను. పాత పేజీలు ఎత్తిరాస్తుంటే ఒక విచిత్రమైన సంగతి బయటపడింది. మా దేశవాళీ పందిరి చిక్కుడును ఒక ఏడు జూన్ నెలలోనే విత్తాను, మరో ఏడు వానలు ఆలస్యమై ఆగస్టులో విత్తాను. జూన్‌లో విత్తినది పందిరంతా కమ్ముకుని, ఆకు తప్ప పువ్వు లేకుండా నెలల తరబడి ఉండిపోయింది. ఆగస్టులో విత్తిన తీగ దానిలో సగం కూడా పెరగలేదు. అయినా రెండేళ్లలోనూ మొదటి పూగుత్తి నవంబరు మొదటి వారంలోనే, అంటే స్వాతి కార్తెలోనే కనబడింది. విత్తు తేదీల మధ్య రెండు నెలల తేడా ఉంటే పూతలో తేడా ఎందుకు లేదు? దీని కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.

వ్యవసాయ_పట్టభద్ర
జూన్ 11, ఉదయం 6:30

కోనసీమ పెరడు గారూ, చాలా విలువైన పరిశీలన. మీ చిక్కుడు వయసును లెక్కపెట్టుకోవడం లేదు, రాత్రి పొడవును లెక్కపెడుతోంది. మన దేశవాళీ పందిరి చిక్కుడు రకాలలో ఎక్కువ భాగం పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే పూతకు వస్తాయి. కోనసీమలో జూన్ నెలాఖరున పగలు సుమారు 13 గంటలు ఉంటుంది, డిసెంబరులో సుమారు 11 గంటలకు తగ్గుతుంది. శరదృతువులో పగలు 12 గంటల కిందికి దిగాక మొక్క మొగ్గ కట్టడం మొదలవుతుంది. అందుకే సంక్రాంతి నాటికి ఊరంతా చిక్కుడు కాయలే. పొట్టి రకం గుబురు చిక్కుళ్లు చాలావరకు ఈ కట్టుబాటు లేనివి. వాటిని ఏ కాలంలో విత్తినా నిర్ణీత రోజులకు పూస్తాయి.

జూన్‌లో విత్తడం వృథా అని మాత్రం దీని అర్థం కాదు. పెద్ద తీగకు పూగుత్తులు నిలిచే చోట్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి కాపు ఎక్కువ రావచ్చు. అదీ మీ పుస్తకమే తేల్చాలి: రెండేళ్ల కాయల తూకం రాసి ఉందా? ఇకపై విత్తు తేదీ, మొదటి మొగ్గ తేదీ, మొదటి కోత, మొత్తం తూకం అనే నాలుగూ ఒకే వరుసలో పెట్టండి.

టమాటా విషయంలో మరో రకం కారణం ఉంటుంది. అక్కడ పూతను అడ్డుకునేది పగటి పొడవు కాదు, రాత్రి వేడి. రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు దిగనప్పుడు పువ్వు పూసినా పిందె కట్టడం కష్టమవుతుంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే ఉష్ణమాపకం ఒకటి నీడలో తగిలించి, ఆ రెండు అంకెలను పూత రాలిన రోజుల పక్కన రాస్తే, వేసవిలో టమాటా ఎందుకు మొండికేస్తుందో బోధపడుతుంది.

ఎడిసన్_గోంగూర
జూన్ 11, సాయంత్రం 5:10

ఈ సమాధానం చదివాక నా పుస్తకంలోని ఒక పాత చిక్కుముడి విడిపోయింది. నేను అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటాను. ఇక్కడ మంచు భయం పోయాక మే నెలలో గోంగూర విత్తుతాం. వేసవిలో ఆకు కోసినకొద్దీ వస్తుంది, ఇరుగుపొరుగు తెలుగు కుటుంబాలన్నిటికీ పంచినా మిగులుతుంది. కానీ విత్తనం మాత్రం దొరకదు. మొగ్గ కట్టిన తేదీ నా పుస్తకంలో ఎప్పుడూ సెప్టెంబరు చివరో, అక్టోబరు మొదలో ఉంటుంది. అక్టోబరు రెండో సగంలో తొలి మంచు పడి మొక్క నల్లబడిపోతుంది. ఎరువు మార్చి, కుండీ మార్చి, విత్తనం తెప్పించే చోటు మార్చి చూశాను, ఆ తేదీ కదలలేదు. గోంగూర కూడా రాత్రి పొడవుకు లోబడే మొక్కేనా?

వ్యవసాయ_పట్టభద్ర
జూన్ 11, రాత్రి 10:20

అవును, గోంగూర కూడా అదే కోవకు చెందినది. మీ అక్షాంశంలో జూన్ నెలాఖరు పగలు సుమారు 15 గంటలు. అంత పొడవు పగటిలో అది పూతకు రాదు, అందుకే మీకు ఆకు అంత సమృద్ధిగా దొరుకుతోంది. పగలు 12 గంటలకు చేరేసరికి మీకు సెప్టెంబరు నాలుగో వారం వస్తుంది. ఆ తర్వాత పువ్వు పూసి, కాయ ఎండి, విత్తనం ముదరడానికి నెలకు పైగా పడుతుంది. మీ తొలి మంచు అంత కాలం ఆగదు. విత్తనం కావాలంటే ఒక మొక్కను పెద్ద కుండీలో పెంచి, ఆగస్టు నుంచి రోజూ సాయంత్రం అయిదింటికి వెలుతురు చొరబడని గదిలోకి చేర్చి, ఉదయం ఏడింటికి బయట పెట్టండి. ఆ గదిలో దీపం వేయకూడదు. పద్నాలుగు గంటల చీకటి క్రమం తప్పకుండా దొరికితే ముందుగానే మొగ్గ కట్టే అవకాశం ఉంది. మొదలుపెట్టిన తేదీ, మొగ్గ కనబడిన తేదీ రాయండి. పోల్చడానికి మరొక మొక్కను బయటే ఉంచండి.

పలక_బలపం
జూన్ 12, ఉదయం 6:15

పోల్చడానికి ఒక మొక్కను వదలాలన్న మాట దగ్గర ఆగి మరికొంత చెప్పాలనుంది. మందు కొట్టినప్పుడు మనం చేసే పరిశీలనలో పెద్ద లోపం ఇక్కడే ఉంటుంది. వంగ మీద పేనుబంక వచ్చింది, వేపగింజల కషాయం కొట్టాం, వారానికి తగ్గింది. కషాయం వల్ల తగ్గిందా, మధ్యలో పడిన వానకు కొట్టుకుపోయిందా, అక్షింతల పురుగులు వచ్చి తిన్నాయా? అన్ని మొక్కలకూ కొట్టేస్తే ఈ ప్రశ్నకు సమాధానం ఉండదు. మా బడి తోటలో ఎప్పుడూ ఒక మొక్కను గుర్తు కట్టి వదిలేస్తాం. కషాయం తయారీ కూడా రాయిస్తాం: లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి, రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టి, కొంచెం సబ్బు నీరు కలిపి, సాయంత్రం వేళ పిచికారీ. ఎండ తగిలితే వేపలోని గుణం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి వేళ రాయడం కూడా అవసరమే. వదిలేసిన మొక్క మీద కూడా పేనుబంక అదే వేగంతో తగ్గిపోయిన సందర్భం ఒకటి మా పుస్తకంలో ఉంది. అప్పటి నుంచి పిల్లలు ముందుగా అక్షింతల పురుగులను లెక్కపెడుతున్నారు.

పిల్లలకు నేను చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో వసంత సూచనలను, అంటే ఏ చెట్టు ఎప్పుడు చిగిర్చింది, కప్పలు ఎప్పుడు అరిచాయి వంటివాటిని తేదీలతో రాయడం మొదలుపెట్టాడు. ఆయన వంశీకులు దాన్ని 1958 దాకా కొనసాగించారు. వాతావరణం ఎలా మారుతోందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు నేడు ఆ తేదీలనే వాడుకుంటున్నారు. మన దేశంలో కూడా సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడిపిల్లలు, సామాన్యులు తమ ఇంటి దగ్గరి చెట్టును ఎంచుకుని వారం వారం చిగురు, పూత, కాయ నమోదు చేస్తున్నారు. చెట్లకు వారానికోసారి చాలన్న పందిరి పాదులు గారి మాట దీనితో సరిపోతుంది.

మిద్దెమీద_మొక్క
జూన్ 12, రాత్రి 9:50

అయితే నా వాదన సగం నిలిచింది, సగం వీగింది అనుకుంటాను. కుండీలలో నేను పెంచేవి ఎక్కువగా బెండ, టమాటా, ఆకుకూరలు. ఇవి వారం దాకా ఆగేవి కావు. ఉదయం నీళ్లు పోసేటప్పుడే రెండు వాక్యాలు రాసే ఏర్పాటు చేసుకుంటాను. ఒక సందేహం: తెల్లదోమను ప్రతిరోజూ ఎలా లెక్కపెట్టడం? కదిపితే ఎగిరిపోతాయి.

వ్యవసాయ_పట్టభద్ర
జూన్ 13, ఉదయం 6:40

రోజూ లెక్కించనక్కర లేదు. ఒక పసుపు జిగురు అట్టను మొక్కల ఎత్తున వేలాడదీసి, వారానికి ఒకసారి దానికి అంటినవాటిని లెక్కపెట్టి, అట్ట మార్చి, అంకె రాయండి. అసలు సంఖ్య కంటే అది గత వారం మీద పెరిగిందా తగ్గిందా అన్నదే మనకు కావాలి. అంకె హఠాత్తుగా పెరిగిన వారం నుంచి బెండ లేత ఆకులను రోజూ వెలుతురుకు ఎత్తి చూడండి. ఈనెలు మాత్రం పసుపు తిరిగి మధ్య భాగం ఆకుపచ్చగా ఉంటే అది పల్లాకు తెగులు మొదలు. తెల్లదోమ మోసే వైరస్ తెగులు కాబట్టి మందుతో నయం కాదు. ఆ మొక్కను వెంటనే పీకి తీసేయాలి. మొదటి ఈనె పసుపు తిరిగిన తేదీ, జిగురు అట్ట అంకె పక్కపక్కన ఉంటే, వచ్చే ఏడు ఏ కార్తెలో జాగ్రత్త పడాలో మీకు తెలుస్తుంది.

కార్తెల_లెక్క
జూన్ 13, సాయంత్రం 6:00

ఒక ప్రతిపాదన. చిక్కుడు విషయం ఇంత దూరం వచ్చింది కాబట్టి, ఈ ఏడు మనమందరం తలా రెండు పాదులు దేశవాళీ పందిరి చిక్కుడు విత్తుదాం: ఒకటి ఈ మృగశిరలో, రెండోది ఆశ్లేషలో, అంటే ఆగస్టు మొదటి వారంలో. మొదటి మొగ్గ కనబడిన రోజున ఊరు, విత్తు తేదీ, మొగ్గ తేదీ ఇక్కడ రాయండి. అనంతపురం, పల్నాడు, కోనసీమ, హైదరాబాదు, జగిత్యాల ఎడంగా ఉన్న ఊళ్లే. తేదీలు దగ్గరగా వస్తాయని నా నమ్మకం, అయితే చూసి రాద్దాం. విత్తనం లేనివారికి నేను తపాలాలో పంపగలను.

ఎర్రనేల_అనంత
జూన్ 14, ఉదయం 8:35

నేను సిద్ధం. ఈ ఉదయం డబ్బాలో 11 మిల్లీమీటర్లు. మొదటి పాదు ఇప్పుడే పెట్టాను. విత్తనం మా ఊరి సంతలో కొన్న నల్లగింజ రకం. రకం పేరు తెలియనివారు గింజ రంగు, కాయ పొడవు రాస్తే పోల్చడానికి వీలుంటుంది.

కోనసీమ_పెరడు
జూన్ 14, ఉదయం 9:20

మా ఇంటి తెల్లగింజ రకం రేపు విత్తుతున్నాను. వ్యవసాయ పట్టభద్ర గారు అడిగిన తూకం పాత పుస్తకాల్లో లేదు, ఈ ఏడు ప్రతి కోతనూ తూచి రాస్తాను. పందిరికి తూర్పున ఒక పాదు, పడమర ఒక పాదు పెడితే ఎండ తేడా వల్ల పోలిక చెడుతుంది కాబట్టి రెండింటినీ తూర్పు గుంజ దగ్గరే పెడతాను. ఎడిసన్ గోంగూర గారూ, చీకటి గదిలో పెట్టిన గోంగూర మొగ్గ తేదీని కూడా ఈ వరుసలోనే రాయండి.